ఎర్రబడని భుజాలు

జపాను పండుగలంటే నాకు కొట్టిన పిండి. ఏది అడిగినా గడగడా చెప్పేస్తాను. సరే, తెలిసింది ఒక్కటే. అదే చెబుతాను, వినండి.

ఏ రాజు కాలమో ఏమో గానీ, జపాను దేశంలో కవాసె అనే ఊరుండేది. అక్కడ ఏటా వేసవి పండుగకు దేవుణ్ణి మికోషి అనే పల్లకిలో ఊరేగించేవారు. పల్లకి నేలకు తగిలితే మహాపచారం. ముందు దూలం కింద భుజం పెట్టడం మహా గౌరవం.

అంత గౌరవం ఎవరికి దక్కుతుంది? గ్రామపెద్దకు, పట్టు వర్తకుడికి, సారా వర్తకుడికి. వాళ్ళ వెనకే మోహేయి. సోయాపాలు విరిచి, టోఫూ అనే తెల్లని జున్ను చేసి అమ్ముకునేవాడు. తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్ళు పల్లకి మోస్తున్నారు.

"వాస్షోయ్, వాస్షోయ్" అని మోసేవాళ్ళంతా కేకలు పెడుతుండగా పల్లకి లేచింది. వంతెన మీద ముందుకు ఒరిగింది. మోహేయి ఊపిరి బిగబట్టి ఆపాడు. మెట్ల దగ్గర మళ్ళీ ఒరిగింది. మళ్ళీ ఆపాడు. గుడి ద్వారం దగ్గర అతని మోకాళ్ళు మడతపడ్డాయి. దూలం కొస నేలకు తగిలింది.

"దేవుణ్ణి మట్టిలో పెట్టావు కదరా," అన్నాడు గ్రామపెద్ద. "ఇక నువ్వు గానీ నీ పిల్లలు గానీ ఈ పల్లకి ముట్టడానికి వీల్లేదు."

మోహేయి తల వంచుకున్నాడు. అతని భార్య ఒమాత్సుకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి పూజారి ముందు నిలబడింది.

"అయ్యా, మోసినవాడి భుజం అబద్ధమాడదు. అందరూ తొడుక్కున్న పండుగ కోట్లు భుజాల మీంచి దించి చూడండి. మా ఆయనదే ముందు చూడండి."

మోహేయి భుజం వంకాయలా కమిలిపోయి ఉంది. వెనకవాళ్ళ భుజాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఇక పెద్దల వంతు.

"నాకు జలుబు," అన్నాడు గ్రామపెద్ద.

"నాకు చక్కిలిగింతలు," అన్నాడు పట్టు వర్తకుడు.

"నేను పొట్టివాణ్ణి," అన్నాడు సారా వర్తకుడు.

"తెలుసులే బాబూ," అంది ఒమాత్సు. "వంతెన మీద నీ కాళ్ళు నేలకు ఆననే లేదు, నేను చూశాను. మోయకపోతే పోయావు, దూలం పట్టుకు వేలాడి నీ బరువు కూడా మా ఆయన మీదే వేశావు. పైగా తప్పు మాదా?"

పూజారి తానే వాళ్ళ కోట్లు దించాడు. ముగ్గురి భుజాలూ అప్పుడే అచ్చులోంచి తీసిన టోఫూలా తెల్లగా, నున్నగా ఉన్నాయి.

"దేవుణ్ణి మట్టిలో పెట్టింది మీరు," అన్నాడు పూజారి.

మర్నాడు తిరుగు ఊరేగింపులో ముందు దూలం మోహేయికి దక్కింది. మోసేవాళ్ళకు విసనకర్రలతో విసిరే పని ముగ్గురు పెద్దలకూ దక్కింది.

దూలం కింద నిలబడ్డవాళ్ళంతా మోసినట్టు కాదు. మోసినవాడి మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. ఇదీ నీతి.

ఇంత కోపంగా చెప్పాను గానీ, పోయిన చవితికి మా వీధి వినాయకుణ్ణి లారీ ఎక్కించేటప్పుడు అందరికన్నా గట్టిగా జై కొట్టింది నేనే. చెయ్యి మాత్రం పీటకు ఊరికే ఆనించాను.