లంకకు వినపడాల్సిన నగారా

అనగా అనగా ఒక ఏటి ఒడ్డు దేశం. ఆ ఏటి నడుమ ఒక పొడవాటి లంక. లంక నిండా కాపురాలు, పశువులు, పసిపిల్లలు.

ఏటికి వరద వస్తే కోట బురుజు మీద నగారా మోగుతుంది. అది వినగానే లంక జనం పడవలెక్కి గట్టుకు వచ్చేస్తారు. వాళ్ల ప్రాణాలకు అదొక్కటే కాపలా. ఆ నగారా కాస్తా పగిలిపోయింది.

కొత్తది కావాలని రాజు మణిభూపతి చాటింపు వేయించాడు. మండు వేసవిలో ముగ్గురు వచ్చారు.

ధనగుప్తుడు తెచ్చిన నగారాకు అద్దాలు, గజ్జెలు, పైన ఒక కొయ్య నెమలి. దెబ్బ వేస్తే నెమలి ఆడుతుంది. సోమదత్తుడిది ఏనుగు పొట్టంత నగారా, ధర మాత్రం ధనగుప్తుడి దాంట్లో సగం. మూడోది గంగులమ్మ అనే ఆవిడది. నల్లగా, మొద్దుగా ఉంది.

"ఏమమ్మా, ఒక్క గజ్జె కూడా కట్టలేదు, దిష్టి తగులుతుందనా?" అన్నాడు ధనగుప్తుడు. సభంతా నవ్వింది.

"గజ్జెల డబ్బు తోలుకి పెట్టాను బాబూ. దున్నపోతు తోలు, నూనె తాగించి ఆరబెట్టాను. ఇంకా చవగ్గా ఇవ్వాలంటే తోలు పలచన చెయ్యాలి, అది నా వల్ల కాదు" అంది గంగులమ్మ. తర్వాత రాజువైపు తిరిగి, "దొరా, మూడిటి మీదా నీళ్లు పోయించి కొట్టించండి" అంది.

సభ నివ్వెరపోయింది. నగారా మీద ఎవరైనా నీళ్లు పోస్తారా?

ఆమె మాట పట్టించుకోకుండా, పొడిగానే, సభలోనే కొట్టి చూశారు. మూడూ ధణధణ మోగాయి. రాజుకు నెమలి నచ్చింది. అది బురుజెక్కింది. వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపడం ఆ కోటలో ఆచారం కాదు గనుక, మిగతా రెండూ కూడా కొని కోట సామాన్ల గదిలో పడేయించాడు.

శ్రావణంలో ఒక పొద్దున ఏరు పొంగింది. కుండపోత వాన. రాజు తానే బురుజెక్కాడు. గంగులమ్మ కూడా తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

నెమలి నగారా కొట్టారు. తడిసిన తోలు బట్టలుతికినట్టు డుబ్ డుబ్ మంది. నెమలి మాత్రం చక్కగా ఆడింది. లంకలో ఒక్కరూ తల తిప్పలేదు. రాజు ముఖం పాలిపోయింది.

సోమదత్తుడిది తెచ్చి కొట్టారు. రెండో దెబ్బకే తోలు చిరిగి కర్ర లోపలికి దిగబడింది.

గంగులమ్మ నగారా కొట్టారు. బురుజు అదిరింది. లంకలో జనం బిలబిలమంటూ బయటికొచ్చి పడవలు విప్పారు.

"గండం గడిచింది తల్లీ" అన్నాడు రాజు.

"గడవలేదు దొరా. దీని మోత లంక దిగువ కొసకి చేరదు. అక్కడికి మనిషిని పంపాలి."

"నీ సరుకు లోపం నువ్వే చెప్పుకుంటావా?" అన్నాడు మంత్రి.

"చెప్పకపోతే, నగారా మోగలేదు కదా అని ఆ కొసనున్నవాళ్లు పొయ్యి రాజేసుకుంటూ కూర్చుంటారయ్యా."

రాజు అప్పటికప్పుడు పడవ పంపాడు. వెళ్లినవాళ్లు చూసి హడలిపోయారు. అక్కడ గడపల్లోకి నీళ్లొచ్చేస్తున్నా, లోపల జనం నిశ్చింతగా అంబలి కాచుకుంటున్నారు. పిల్లాజెల్లాతో సహా అందరినీ గట్టుకు చేర్చారు. ఆ వరదలో లంకవాళ్ల ప్రాణం ఒక్కటీ పోలేదు.

కాబట్టి పిల్లలూ, సింగారం చూపించేవాళ్లనూ చవక చూపించేవాళ్లనూ కాదు, తమ వస్తువు ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లను నమ్మాలి.