కొండలరాయుడి కరెంటు కసరత్తు

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళి పడుకోవచ్చు. మధ్యలో "అంత పెద్ద ఎద్దా?" అని గొణిగినవాళ్ళ కోసం మాత్రం కథ మళ్ళీ మొదటికి వస్తుంది, జాగ్రత్త.

గుండ్లకమ్మ ఒడ్డున ఎర్రమిట్టలో కొండలరాయుడనే ఎద్దు ఉండేవాడు. వాడు తుమ్మితే పక్కూళ్ళో పెంకులు లేచేవి. వాడి మూపురం నీడలో ఒక పెళ్ళివారు పందిరి వెయ్యకుండానే భోజనాలు కానిచ్చేశారు. వాడి జోడీ మైలన్న. వయసు మళ్ళిన ఎద్దు, మాట తక్కువ, నడక ఎక్కువ. ఇద్దరూ ఒకే కాడి కింద శివరాత్రి తిరునాళ్ళలో బండ లాగాలి. ఆ బండ ఎంతటిదంటే, దాన్ని బండిమీంచి దించిన రోజు భూమి ఆ పక్కకి ఒరిగి, ఊరి బావుల్లో నీళ్ళన్నీ గట్టుమీదికి పొర్లాయి.

కిందటేడు గెలిచినప్పటినుంచీ రాయుడికి కళ్ళు నెత్తికెక్కాయి. కొమ్ములు ముందునుంచే అక్కడున్నాయి గనక కాస్త ఇరుకైంది, అంతే. తెల్లవారుతూనే ఏటి ఇసుకలో మొద్దు లాగే సాధనకి మైలన్న ఒక్కడే వెళ్ళేవాడు. రాయుడు ఉలవలు మేసి గురకపెట్టేవాడు. చూసిచూసి యజమాని చెంచయ్య కొట్టంలోనే తేల్చి చెప్పేశాడు.

"ఈసారి బండ కదలకపోతే రాయుణ్ణి గానుగకి కట్టేస్తా!"

గానుగ! కళ్ళకి గంతలు, పొద్దస్తమానం తిరుగుడు, చేరే ఊరు లేదు. రాయుడి గుండె జారి డొక్కలో పడింది. అలాగని పొద్దున్నే లేవబుద్ధీ కాలేదు.

ఆ బెంగతోనే పుచ్చతోట పక్కన నిలబడి, ఒళ్ళు గోక్కోబోయి కంచె తీగకి ఆనాడు. పందుల్నీ కోతుల్నీ తరమడానికి పెట్టిన కరెంటు కంచె అది. తీగకి కరెంటిచ్చే పెట్టెలో "టక్" మంది. రాయుడి తొడ కండ వాడి ప్రమేయం లేకుండానే గంతేసింది.

"అబ్బా!"

"అబ్బా కాదు బావా, ఆహా అను," అంటూ తుప్పలోంచి నక్క బావ వచ్చాడు. పుచ్చకాయల కోసం అదే తీగ కింద దూరబోయి ముక్కు కమిలిపోయి, ఆ తుప్పలోనే లొట్టలేస్తూ కూర్చున్న శాల్తీ అతను.

"షాకు కొట్టింది బావా!"

"ఛీ, షాకు అనకూడదు. ట్రైనింగ్ అనాలి."

"అంటే?"

"పట్నంలో జిమ్ములకెళ్ళే బాబులు ఒంటికి తీగలు తగిలించుకుని నిలబడతారు. కరెంటే కండల్ని పిండుతుంది. వాళ్ళు చెయ్యాల్సిందల్లా పళ్ళికిలించడమే. ఆ జిమ్ము వెనక చెత్తకుండీలో కోడి ఎముకలు తిని పెరిగినవాణ్ణి, నాకు తెలీదా?"

"అయితే ఇసుకలో మొద్దు లాగక్కర్లేదా?"

"మొద్దుల్ని మొద్దులు లాగుతారు. నీలాంటి రాజా తీగకి ఆనుకుంటే చాలు. ఎగిరిందా లేదా కండ? ఎగిరిందంటే పెరిగినట్టే!"

మర్నాటినుంచీ రాయుడి కసరత్తు మొదలైంది. టక్కుమంటే తొడ ఎగిరేది, టక్కుమంటే తోక నిటారుగా లేచేది, టక్కుమంటే మెడలో గంటలు గల్లుమనేవి. దారినపోయే మేకలు ఆగి చప్పట్లు కొట్టాయి. వాడి ఒళ్ళు కొండంత కదా, పెట్టెలోని కరెంటంతా ఆ కొండలోకే దిగిపోయి, అవతలి తీగ చచ్చిన పాములా ఉండేది. ఆ తీగ కింద దూరి నక్క బావ కాయ వెంట కాయ భోంచేసేవాడు.

ఒకరోజు కాళ్ళనిండా ఇసుకతో మైలన్న అటు వచ్చాడు. "ఏంట్రా అబ్బాయ్ ఈ చిందులు?"

"ట్రైనింగ్ అన్నా! కండ చూడు, ఎలా కదులుతోందో!"

"నేనూ చూశాన్లే దీన్ని. నా వెనకకాలు విరిగి కట్టు విప్పాక, పశువుల డాక్టరు పలకలు అంటించి ఇలాగే కరెంటు పెట్టాడు. పడుకున్న కండని లేపాడు. మంచిదే. కానీ లేచాక నడిచింది నేను, ఆ మిషను కాదు. పైగా అది డాక్టరు మిషను, ఇది పందుల కంచె. రా, ఏటికి పోదాం."

"ముసలాయనకి కుళ్ళు," అన్నాడు నక్క బావ మూతి తుడుచుకుంటూ. రాయుడు ఇంకాస్త గట్టిగా ఆనుకున్నాడు.

తిరునాళ్ళు వచ్చాయి. తీగ దెబ్బలకి ఉబ్బిన రాయుడి తొడలు చూసి జనం నోళ్ళు తెరిచారు. ఆ నోళ్ళలోకి దూరిన ఈగలు మళ్ళీ సంక్రమణం దాకా బయటికి రాలేదు. కాడి ఎత్తారు. చెంచయ్య "హెయ్!" అన్నాడు. మైలన్న మోకాళ్ళు వంచి ముందుకి ఒరిగాడు. రాయుడు కదల్లేదు. వాడు "టక్" కోసం చూస్తున్నాడు!

సరిగ్గా అప్పుడే ముందు వరసలో పేరయ్య తాత అడకత్తెరతో వక్క కత్తిరించాడు. టక్!

రాయుడు ఎగిరాడు. ముందుకి కాదు, పైకి! ఎంత పైకంటే, దిగేటప్పుడు కొమ్ముకి ఒక మబ్బుముక్క తగులుకుని వచ్చింది.

"పైకి కాదురా, ముందుకి!" అని మైలన్న అరిచాడు.

"కండ ఎగురుతోందన్నా, లాగడమే రావట్లేదు!"

తాత వక్కలు ఆపలేదు. టక్, గంతు. టక్, గంతు. డప్పులవాళ్ళు ఆ వరసకే దరువు అందుకున్నారు. జనం పొట్టలు పట్టుకుని దొర్లారు. బండ మాత్రం వేసినచోటే కూర్చుంది.

"రేపే గానుగకి," అన్నాడు చెంచయ్య.

రాయుడు తల వేలాడేసుకుని ఆ సాయంత్రం కంచె దగ్గరికొచ్చాడు. నక్క బావ ఎదురొచ్చాడు. "దిగులెందుకు బావా? ఇంకా ఎక్కువ ట్రైనింగ్ కావాలి, అంతే. ఆనుకో, ఆనుకో!"

రాయుడు అతని మీసాల వంక చూశాడు. నల్లటి పుచ్చగింజలు! తను ఆనుకున్నప్పుడల్లా అతనెటు మాయమయ్యేవాడో ఒక్కసారిగా తట్టింది.

"అలాగే బావా," అని బుద్ధిగా ఆనుకున్నాడు. నక్క బావ తీగ కింద తల పెట్టాడు, మెడ పెట్టాడు, నడుం పెట్టాడు. అప్పుడు రాయుడు మెల్లిగా పక్కకి జరిగాడు.

టక్!

"బావోయ్! షాకు!"

"షాకు అనకూడదు బావా," అన్నాడు రాయుడు, "ట్రైనింగ్ అనాలి."

ఆ ఎగిరిన ఎగురుడికి నక్క బావ గుండ్లకమ్మ దాటి, రెండు తాలూకాలు దాటి, నడినెత్తి మీద తోకతో ఎక్కడో పడ్డాడు. ఇప్పటికీ ఎవరైనా చిటికేస్తే గంతేస్తాడు.

రాయుడు గానుగకి వెళ్ళక తప్పలేదు. ఏడాది పొడుగునా రోకలి తిప్పాడు, సందు దొరికితే మైలన్నతో ఇసుకలో మొద్దు లాగాడు. మరుసటి శివరాత్రికి తొడలు ఉబ్బి లేవు, జనం నోళ్ళూ తెరవలేదు. చెంచయ్య మళ్ళీ జోడీ కట్టి "హెయ్" అనగానే ఇద్దరూ ఒరిగారు. ఆ లాగుడికి బండ కదలడం కాదు, ఏట్లో దిగి అవతలి ఒడ్డెక్కింది. భూమి మళ్ళీ తిన్నగా అయింది.

కండ కదిలితే చాలదు, బండ కదలాలి.

ఇంకా అనుమానమా? ఎర్రమిట్టలో వక్కల పేరయ్య తాతని అడగండి. అడకత్తెర తీసి టక్కుమనిపించి, రాయుడి కొట్టం వైపు చూడమంటాడు.