రేచన రథం, తీతువు కూత

రథాలకు గంటలూ, పిట్టలకు మాటలూ ఉన్న రోజుల్లో, వెలిమల రాజ్యంలో ఏటేటా ఒక పందెం జరిగేది. కోట నుంచి సముద్రం దాకా వెళ్లి తిరిగి రావాలి. బాట మీద కాదు. రాళ్లలో, ఊబుల్లో, ఇసుక తిన్నెల్లో దారి వెతుక్కుంటూ తొమ్మిది రోజులు రథం తోలాలి.

రేచన అనే సారథి వరుసగా రెండేళ్లు గెలిచాడు. జనం అతని గుర్రాలను పొగిడారు, పగ్గం పట్టే తీరును పొగిడారు. అసలు సంగతి వేరు. అతని రథానికి ముందుండే పొడవాటి కర్ర, నొగ మీద ఒక తీతువు పిట్ట కూర్చునేది. బయలు నేలలో పుట్టి పెరిగింది కదా, దానికి నేల ఆనవాళ్లన్నీ తెలుసు.

"ఎడమకు రేచన్నా, ముందు ఊబి ఉంది!"

"ఆగాగు, వాగు గట్టు విరిగింది!"

"ఇక వదులు పగ్గాలు, గట్టి నేలే!"

అయితే తీతువు కూస్తే కీడని ఆ రాజ్యంలో అందరి నమ్మకం. అందుకే కోట గుమ్మం కనపడగానే రేచన పిట్టను బుట్టలో పెట్టి గుడ్డ కప్పేవాడు.

"అన్నా, ఒక్కసారి నా పేరు కూడా చెప్పవూ?" అని అది లోపలి నుంచి అడిగేది.

"వచ్చే ఏడు చెబుతాలే చెల్లీ," అనేవాడు. ఊబికి భయపడని మనిషి, నలుగురి మాటకు భయపడ్డాడు.

మూడో ఏడూ గెలిచాడు. రాజు అతని మెడలో దండ వేస్తుంటే, వాకిట్లో ఆపిన రథంలోంచి, బుట్టలోని పిట్ట సంతోషం పట్టలేక కూసింది. సభ ఉలిక్కిపడింది.

"ఎవరిదా పాడు పిట్ట?" అన్నాడు రాజు.

"నాది కాదు ప్రభూ," అన్నాడు రేచన.

పిట్ట గుడ్డ తోసుకుని ఎగిరిపోయింది.

మరుసటేడు రేచన ఊబిలో చక్రం పోగొట్టుకున్నాడు. ఆ పై ఏడు ఇసుకలో దారి తప్పాడు. ఓడినందుకు కాదు అతని బాధ. ఖాళీ నొగ వంక చూసి, "చెల్లీ, ఎటు?" అని అడిగేవాడు. ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుపోయేది.

మూడోసారి అందరికన్నా చివర, కుంటుతున్న గుర్రాలను నడిపించుకుంటూ వచ్చాడు. చేతిలో ఖాళీ బుట్ట ఉంది.

"ప్రభూ, గెలిచిన మూడేళ్లూ నాకు దారి చూపింది ఆ తీతువే. అది నాదే. కాదని అబద్ధమాడాను," అని నిండు సభలో ఏడ్చాడు.

రాజు తన మెడలోని దండ తీసి బుట్టకు చుట్టాడు.

నాటి నుంచి ఆ రాజ్యంలో తీతువు కూస్తే ఎవరూ తిట్టరు. బండ్లు ఆపి, ముందున్న దారి చూసుకుంటారు. పిట్ట మాత్రం తిరిగి రాలేదు. ముసలివాడైన రేచన ప్రతి కూతకూ వాకిట్లోకి వచ్చి, "చెల్లీ, నువ్వేనా?" అని అడుగుతూనే ఉండేవాడు.

పిల్లలూ, మనకు దారి చూపినవారి పేరు, వారు వింటుండగానే చెప్పాలి.