దారం కింద వేరు

అనగనగా, చెట్టుకైనా రాజుగారి కొలువులో పేరెక్కితేనే బతుకు దక్కే రోజుల్లో, మరువవీడు అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో వనపుస్తకం అని పెద్ద తాటాకుల పుస్తకం ఒకటి ఉండేది. అక్కడ మొలిచే ప్రతి మొక్కకూ అందులో ఒక ఆకు. ఆకు మీద మొక్క బొమ్మ, కింద దాని పేరు, అది దొరికిన చోటు. కొత్త మొక్క ఏదైనా ఒక కొండ మీద మొట్టమొదటిసారి కనబడి పుస్తకంలోకి ఎక్కిందంటే, ఇక ఆ కొండ మీద ఎవరూ గొడ్డలి ఎత్తకూడదు. అది పాతరాజుల నాటి కట్టుబాటు.

ఆ పుస్తకాన్ని చూసుకునే పండితుడి పేరు పేరిభొట్లు. చదువులో దిట్ట, నడవడిలో నిప్పు. కానీ మహా అనుమానప్పక్షి! పాలు పోయించుకుంటే చెంబు ఎత్తి వెలుతురులో చూసేవాడు. ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే, 'ఎందుకడిగాడు వీడు?' అని సాయంత్రం దాకా ఆలోచించేవాడు.

ఊరికే వచ్చిన జబ్బు కాదులెండి. పదేళ్ళ కిందట పట్టుబట్టలు కట్టుకున్న పెద్దమనిషి ఒకడు, పొరుగుదేశపు మొక్కను తెచ్చి మన చెట్టుకు కట్టి, "ఇదిగో కొత్త మొక్క" అన్నాడు. మనిషిని చూసి పేరిభొట్లు నమ్మేశాడు, రాసేశాడు. తర్వాత పొరుగుదేశపు రాయబారి నిండు కొలువులో ఆ ఆకు చూసి, "ఇది మా రాణిగారి పెరటి మొక్క కదయ్యా!" అని విరగబడి నవ్వాడు. పేరిభొట్లుకు తల కొట్టేసినట్టయింది.

"మరొక్క తప్పు రాస్తే ఈ పుస్తకం ఇంకొకరి చేతికి పోతుంది," అన్నాడు రాజు మహీధరుడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

ఒకనాడు ఈదమ్మ అనే ఆమె కొలువుకు వచ్చింది. గోరింకకొండ మీద తేనె తీసుకుని బతికే గూడెం ఆమెది. చేతిలో మోదుగాకు పొట్లం. విప్పితే, వేలిగోరంత పువ్వు! ఐదు రేకులు లేత పసుపు. ఆరో రేకు నాలుకలా కిందికి వాలింది, దాని మీద ఊదారంగు చుక్కలు.

"సామీ, మా కొండ మీద మూడో లోయ పైన నల్లమద్ది చెట్టుంది. దాని కొమ్మ మీద పూసిందిది. మీ పుస్తకంలో ఉందేమో చూడండి, లేకపోతే రాసుకోండి," అంది.

మట్టిలో కాకుండా చెట్టు కొమ్మ మీద వేళ్ళూని బతికే మొక్కలను బదనికలంటారు. పేరిభొట్లు పుస్తకంలోని బదనికల ఆకులన్నీ తిరగేశాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. ఎక్కడా ఈ పువ్వు లేదు. ఆయన ఒళ్ళు ఒక్క క్షణం పులకరించింది. మరుక్షణమే అనుమానం పట్టుకుంది.

ఎందుకంటారా? గోరింకకొండను అప్పటికే కలప వర్తకుడు నాగదత్తుడికి అప్పగించేశారు. కొత్త కోటకు దూలాలు కావాలి. వచ్చే పున్నమికి కొండ మీద గొడ్డలి పడుతుంది. చెట్లు పోతే తేనెపట్లు పోతాయి, తేనెపట్లు పోతే ఈదమ్మ గూడెం మొత్తం దిక్కులేనిదవుతుంది.

'పున్నమి వారం రోజులుందనగా పువ్వు పూసిందా! ఎంత తెలివైన పువ్వమ్మా!' అనుకున్నాడు పేరిభొట్లు.

రాజు ఆయన వైపు తిరిగాడు. "పేరిభొట్లు గారూ, మీరే స్వయంగా వెళ్ళి చూడండి. నిజమైతే నిజమని రాయండి, అబద్ధమైతే అదే రాయండి. మీ రాతే నా తీర్పు."

కొలువులో ఓ పక్కన నిలబడి నాగదత్తుడు ఇదంతా విన్నాడు. చెట్టు ఎక్కడుందో కూడా విన్నాడు.

వనపుస్తకానికి ఒక పద్ధతి ఉంది. ముందు మొక్కను కంటితో చూడాలి. తర్వాత చేత్తో తాకాలి. ఆ తర్వాత గంటంతో బొమ్మ గీయాలి. మూడూ అయ్యాకే నిజమో అబద్ధమో రాయాలి. తాటాకు మీద గంటం గీసిన గీతను చెరపలేం మరి! ఆ గీత కూడా అప్పటికప్పుడు కంటికి ఆనదు, మసి పూస్తేనే నల్లగా తేలుతుంది. మసి పూయడం మాత్రం రాజుగారి ఎదుటే జరగాలి.

మూడోనాడు పేరిభొట్లు కొండకు బయలుదేరాడు. కొండ మొదట్లోనే నాగదత్తుడు పల్లకితో, మజ్జిగ ముంతతో ఎదురొచ్చాడు.

"అయ్యో, పండితులవారు ఇంత ఎండలో నడిచి రావడమా! తమరి చూపును దాటి చీమైనా పోదని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, ఈ కొండవాళ్ళు గడుసువాళ్ళు. ఆకుల కింద దారం కట్టారేమో, కాస్త ఎత్తి చూసుకోండి."

పేరిభొట్లు మజ్జిగ తాగలేదు, వాసన చూసి పక్కన పెట్టాడు. మాటను మాత్రం గుటుక్కున మింగేశాడు.

దారి పొడుగునా ముందు ఈదమ్మ నడుస్తోంది, వెనక పేరిభొట్లు, వాళ్ళ వెనక పల్లకితో నాగదత్తుడు. ఆమె అడుగులను కూడా అనుమానంగా చూస్తూ పేరిభొట్లు అడిగాడు.

"ఈదమ్మా, ఇలాంటి మొక్క ఈ కొండ మీద ఇంకెక్కడైనా ఉందా?"

"నేను చూడలేదు అయ్యవారూ. ఇదొక్కటే."

'ఒక్కటే! తెచ్చి కట్టిన మొక్క ఒక్కటే ఉంటుంది మరి.'

"ఎన్నాళ్ళుగా చూస్తున్నావు?"

"నాలుగేళ్ళుగా."

"నాలుగేళ్ళూ నోరు కుట్టేసుకున్నావా? ఇప్పుడే ఎందుకొచ్చావు?"

"గొడ్డలి వస్తోందని తెలిసి వచ్చాను. లేకపోతే మీతో నాకేం పని?"

'ఆహా, ఎంత బరితెగింపు!' అనుకుని ఆయన నాలుగో ప్రశ్న వేశాడు. "కొండ కోసం అబద్ధమాడతావా?"

ఈదమ్మ ఆగి వెనక్కి తిరిగింది. "ఏమో అయ్యవారూ, ఆడతానేమో. గూడెంలో పసిపిల్లలున్నారు. కానీ ఇప్పుడా అవసరం రాలేదు. పువ్వు నిజంగానే ఉంది."

'తన నోటితో తానే ఒప్పుకుంది!' అని పేరిభొట్లు లోలోపల చంకలు గుద్దుకున్నాడు.

నల్లమద్దికి గూడెంవాళ్ళు తేనె తీసేటప్పుడు వాడే తీగల నిచ్చెన వేశారు. పేరిభొట్లు అరవై ఏళ్ళ మనిషి, మెట్టు మెట్టునూ లాగి చూసుకుంటూ ఎక్కాడు. కొమ్మ మీద బదనిక ఉంది, పువ్వులూ ఉన్నాయి. కంటితో చూశాడు. దళసరి ఆకులను చేత్తో తాకి, పైకెత్తాడు.

ఆకుల కింద తెల్లని దారం! మొక్కను కొమ్మకు కలిపి మూడు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది.

"బయటపడింది మోసం!" అని పైనుంచే అరిచాడు పేరిభొట్లు. పదేళ్ళ అవమానం ఒక్కసారిగా దిగిపోయినట్టయింది. ఈసారి తాను మోసపోలేదు, అంతే చాలు ఆయనకు.

కిందికి దిగేసరికి ఈదమ్మ ముఖం పాలిపోయింది. "దారం మేం కట్టలేదయ్యా. మేమేది కట్టినా నారతోనే కడతాం."

"దారం సంతలో ఎవరికైనా దొరుకుతుంది," అన్నాడాయన. సంచిలోంచి తాటాకు తీశాడు. 'ఇది కట్టిన మొక్క. అబద్ధం' అని గంటంతో బరబరా గీసేశాడు.

చూశారా పిల్లలూ, ఎంతటి పండితుడు ఎలా పప్పులో కాలేశాడో! చూశాడు, తాకాడు. బొమ్మేదీ? బొమ్మ గీయకుండానే తీర్పు గీసేశాడు.

ఈదమ్మ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చెట్టు మొదట్లో చతికిలబడి, "పున్నమికి ఇంకా ఐదు రోజులే ఉంది," అని మాత్రం అంది.

నాగదత్తుడు చప్పట్లు చరిచాడు. "శభాష్! తమరి చూపే చూపు. ఇక పల్లకి ఎక్కండి."

"బొమ్మ గీయాలి," అన్నాడు పేరిభొట్లు, అలవాటు కొద్దీ.

"అబద్ధపు మొక్కకు బొమ్మెందుకండీ? అనవసరపు శ్రమ. ఎండ ముదురుతోంది."

పేరిభొట్లు పల్లకి మీద వేయబోయిన చేయి వెనక్కి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నాడు, బొమ్మ వద్దన్న మనిషి ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు. 'నా శ్రమ మీద ఇతగాడికి ఇంత జాలెందుకు?' అనుకున్నాడు. మారుమాట లేకుండా మళ్ళీ నిచ్చెనెక్కాడు.

కొమ్మ మీద కుదురుగా కూర్చుని, అదే తాటాకు మీద రాత పక్కనే గీయడం మొదలుపెట్టాడు. పువ్వు గీశాడు. ఆకులు గీశాడు. పక్కనే వేలాడుతున్న ఎండుకాయలు గీశాడు. నాలుగైదుంటాయి, కొన్ని బాగా పాతబడి నల్లబడ్డాయి. తర్వాత వేళ్ళు గీయడానికి వంగాడు.

వేరూ దారమూ కలిసే చోట గంటం ఆగిపోయింది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట, పైన ఉన్నదాన్ని సాగనివ్వాలి, కింద ఉన్నదాన్ని ఆపాలి. ఇక్కడ ఏది పైన? ఏది కింద?

ముక్కు కొమ్మకు ఆనేలా వంగి చూశాడు. దారం పైన ఉంది, వేరు కింద ఉంది. ఇంకో చోట చూశాడు, అక్కడా అంతే. మూడో చోట వేరు మీద నాచు పట్టి ఉంది. దారం ఆ నాచును కూడా అణగదొక్కుతూ పోయింది.

పేరిభొట్లు వేరు కిందికి గోరు దూర్చి చూశాడు.

'నిన్నగాక మొన్న కట్టిన మొక్కైతే వేరు బెరడును పట్టుకోదు. ఏళ్ళ కిందట కట్టిన మొక్కైతే వేళ్ళు దారం మీదుగా పాకి ఉండాలి. ఈ వేరు చూస్తే గోరు కూడా దూరనంత గట్టిగా బెరడును పట్టుకుంది. దారమేమో వేరు మీద ఉంది. అంటే మొక్క పాతది, దారమే కొత్తది!'

ఇందాక ఇవన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. దారం కనబడగానే ఆయనకు ఇంకేదీ కనబడలేదు.

కిందికి దిగాడు. నాగదత్తుడి ముందు నిలబడి నెమ్మదిగా అడిగాడు. "నాగదత్తా, ఆకుల కింద దారం ఉంటుందని నాకంటే ముందు నీకెలా తెలిసింది?"

"అదీ... ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"ఎవరు?"

"మా పనివాళ్ళు."

"మీ పనివాళ్ళు ఈ చెట్టెక్కారన్నమాట. ఎప్పుడెక్కారు? ఎందుకెక్కారు?"

పల్లకి మోసే బోయీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు తల దించుకుని, "నిన్న అయ్యగారే ఎక్కించి కట్టమన్నారండీ," అన్నాడు.

దొంగ దొరికాడు. కానీ పేరిభొట్లు బరువు తీరలేదు. ఆయన సంచిలో ఆ తాటాకు ఉంది. దాని మీద ఆయన చేత్తో గీసిన 'అబద్ధం' ఉంది.

తిరిగి వస్తుంటే దారంతా మనసు పీకుతూనే ఉంది. 'దానికింకా మసి పూయలేదు. ఎవరి కంటికీ కనబడదు. ఈదమ్మకు చదువు రాదు. విరిచి లోయలో పారేసి, కొత్త ఆకు మీద రాస్తే ఎవరికి తెలుస్తుంది? తెలిస్తే మాత్రం పుస్తకం పోతుంది. ముప్పై ఏళ్ళ పుస్తకం!' లోయ అంచున రెండుసార్లు ఆగాడు. సంచిలో చేయి కూడా పెట్టాడు. అప్పుడు ముందు నడుస్తున్న ఈదమ్మ చెప్పిన నాలుగు జవాబులూ గుర్తొచ్చాయి. అబద్ధమాడే మనిషైతే నాలుగింటికీ తీపిగా చెప్పి ఉండేది కదా! తనకు నష్టమని తెలిసీ ఆమె ఒక్కటీ దాచలేదు. పేరిభొట్లుకు సిగ్గేసింది. సంచిలోంచి చేయి తీసేశాడు.

మర్నాడు నిండు కొలువులో, రాజు ఎదుట, ఆయన ఆ తాటాకునే బయటికి తీశాడు. మసి పూశాడు. 'ఇది కట్టిన మొక్క. అబద్ధం' అన్న అక్షరాలు నల్లగా తేలాయి. పక్కనే బదనిక బొమ్మ తేలింది, వేరు మీదుగా పోతున్న దారంతో సహా.

"ప్రభూ, ఈ బొమ్మ నిజం. ఈ రాత నా తప్పు. బొమ్మ గీయకముందే తీర్పు రాశాను," అన్నాడు. జరిగిందంతా విప్పి చెప్పాడు. పుస్తకం తెచ్చి రాజు పాదాల దగ్గర పెట్టాడు.

రాజు ఆకును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"పేరిభొట్లు గారూ, మీ తప్పుకు మీ చేత్తోనే మసి పూసి చూపించారు. ఇక ఈ పుస్తకంలో మిగతా ఆకులను అనుమానించే పని నాకు లేదు. పుస్తకం తీసుకోండి. ఈ ఆకు కూడా ఇలాగే అందులో ఉండాలి."

నాగదత్తుడి గొడ్డళ్ళన్నీ కొలువుకు చేరాయి, అతడు రాజ్యం పొలిమేర దాటాడు. గోరింకకొండ గోరింకకొండగానే మిగిలింది. తప్పు రాత కింద పేరిభొట్లు కొత్తగా ఒక పంక్తి గీశాడు: 'ఈదమ్మ బదనిక. మరువవీడులో మొదటిసారి గోరింకకొండ మీద కనబడింది. నిజం.'

ఆ తర్వాత ఆయన ఈదమ్మ ముందు చేతులు జోడించాడు. "నిన్ను అనుమానించాను తల్లీ. క్షమించు."

ఈదమ్మ ఆయన చేతులు పట్టుకుని దించింది. "అనుమానించారని నాకు బాధ లేదు అయ్యవారూ, అది మీ పని. నన్నొక్కదాన్నే అనుమానించారు చూశారూ, అదే బాధ."

పేరిభొట్లు ఆ మాటను ఏ తాటాకు మీదా రాసుకోలేదు, కానీ బతికినంతకాలం మరిచిపోలేదు.

నీతి: ఎదుటివారిని అనుమానించే ముందు, మన చెవికి ఇంపుగా మాట్లాడేవారినీ, మన తొందరనూ కూడా అంతే అనుమానించాలి.