గురువుగారి కారులో పోసిన ఆయిల్

"శ్రుతి దించితే పరువు పోతుంది, దించకపోతే గొంతు పోతుంది. ఏం చెయ్యమంటారయ్యా?" అని వకుళమ్మ గురువుగారిని అడిగింది. అది మహర్నవమికి ముందురోజు. మేమంతా ఆయన వసారాలో రిహార్సలు ముగించి కాఫీలు తాగుతున్నాం.

గురువుగారంటే గిద్దలూరు నాగభూషణాచారి గారు. ఒకప్పుడు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టి, తర్వాత ఆ వేషాలు కట్టేవాళ్ళను తయారుచేసిన మనిషి. వకుళమ్మ ఆయన తొలి శిష్యురాలు, మా నాటక సమాజానికి మొదటినుంచీ రాణి. రాణి తన కొడుకును యుద్ధానికి సాగనంపే పద్యం ఒకటుంది. అది ఆమె ఎత్తుకుంటే "వన్స్ మోర్" అనకుండా వదిలిన ఊరు లేదు. ఇప్పుడు ఆమెకు అరవై దగ్గరపడుతున్నాయి. దసరా వెళ్ళిన వారానికి నంద్యాలలో ఆమెకు సన్మానం, అదే వేదిక మీద అదే వేషం. కానీ ఆ పాత శ్రుతిలో పైకి వెళ్ళేసరికి గొంతు జీరపోతోంది. ఒక్కోసారి తెగిపోతోంది కూడా. నంద్యాల వాళ్ళు పద్యం తెలిసినవాళ్ళు. అక్కడ గొంతు తెగితే ఆ రోజుతో కిరీటం దిగినట్టే. ఆ సంగతి ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

సలహాలకేం, కావలసినన్ని. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ పండగలకు వచ్చే సుదర్శనం, "ఆ శ్రుతే మీ పేరమ్మా, దించితే జనం ఊరుకోరు" అన్నాడు. ప్రతినాయకుడి వేషాలు వేసే ఖాదర్ వలీ, "పద్యాలెందుకక్కా ఈ వయసులో, మాటల్తోనే లాగించెయ్" అన్నాడు. నేను హాస్యగాణ్ణి. నన్నెవరూ సలహా అడగరు. అదీ ఒక సుఖమే.

ప్రశ్న అడిగినవాళ్ళకు పని అప్పజెప్పడం గురువుగారి అలవాటు. ఆయన కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "రేపు ఆయుధపూజ. పొద్దున్నే వచ్చి కారు కడగండి," అని లోపలికి వెళ్ళిపోయారు. వకుళమ్మ నా వంక చూసింది. నేనేం చేసేది, చీపురు వెతకడానికి లేచాను.

ఆ కారు గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు. గురువుగారు వేషాలు వేసే రోజుల్లో కొన్న తెల్ల అంబాసిడర్ అది. మా కిరీటాల పెట్టె దాని నెత్తిన ఎక్కి తిరగని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. వాన కురిసిన రేగడి దారుల్లో బస్సులు నిలిచిపోయిన రోజున కూడా మమ్మల్ని వేళకు వేదిక దగ్గర దించింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తాడు కట్టించుకుని ఇంటికి రాలేదు. ఈ మాట గురువుగారు ఎప్పుడూ అనరు. మేమే ఊరంతా చెప్పుకుని తిరుగుతాం. ఎదుటివాడు వినకపోతే ఆపి మరీ చెబుతాం.

మర్నాడు పొద్దున గురువుగారు పూజలో ఉండగా మేం కారు కడిగాం. ఆయుధపూజ నాడు శిష్యులు ఎవరికి తోచిన సేవ వాళ్ళు చెయ్యడం మాలో ఆనవాయితీ. ఒకరు సీట్లు దులుపుతారు, ఒకరు అద్దాలు తుడుస్తారు. సుదర్శనం ఆ ఏడు పెద్ద సేవే తలపెట్టాడు. హైదరాబాదు నుంచి మెరిసే డబ్బాలో ఇంజన్ ఆయిల్ తెచ్చాడు. దానిమీద జీరో-ట్వంటీ అని రాసి ఉంది. ఇప్పటి పెద్ద పెద్ద కార్లలో పోసేది అదేనట, అంతకు మించినది లేదట. గురువుగారికి చెప్పకుండా చేసి ఆశ్చర్యపరచాలని ఇంజన్ కింది బిరడా విప్పి, ఉన్న ఆయిల్ దించేసి, తెచ్చినదంతా పోశాడు. నీళ్ళలాగా గలగలా దిగింది. "చూడండి, ఎంత స్వచ్ఛంగా ఉందో," అని మురిసిపోయాడు. వాడి మనసులో భక్తి తప్ప ఇంకేం లేదు. అందుకే మేమెవరం వద్దనలేదు.

పూజ అయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. గురువుగారు వాటిని తొక్కిస్తూ బండిని కదిలించి, మమ్మల్ని ఎక్కించుకుని కంభం రోడ్డున కొంతదూరం పోయి తిరిగి వచ్చారు. పోయేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఇంజన్ వేడెక్కింది. ముందువైపు నుంచి టకటకమని పళ్ళు కొరికినట్టు శబ్దం మొదలైంది. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు మీటర్ల పక్కనున్న ఆయిల్ దీపం ఎర్రగా మిణుకుమంది. ఆ దీపం పనిచేస్తుందని మాకు ఆ రోజే తెలిసింది.

ఇంటి ముందు ఆపాక గురువుగారు ఇంజన్ ఆపలేదు. శిష్యుడు పద్యం చదువుతుంటే వినేటట్టు కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. తర్వాత ఆపి దిగి, వంగి కిందికి చూశారు. ఆడవాళ్ళు పొద్దున వేసిన ముగ్గు మీద ఆయిల్ చుక్కలు ఒక్కటొక్కటిగా పడుతున్నాయి.

"ఎవరు పోసినారు?" అన్నారు.

సుదర్శనం ముందుకొచ్చాడు. డబ్బా చూపించాడు. గురువుగారు డబ్బా తిప్పి చూసి, తిరిగి వాడి చేతిలోనే పెట్టారు. "మంచి ఆయిలే నాయనా. దీనికి కాదు," అన్నారు. కోపం లేదు, వెటకారం కూడా లేదు.

ఖాదర్ వలీ ఊరుకుంటాడా? "అయితే గురువుగారూ, లారీల షెడ్డులో జిగురులాంటి ఆయిల్ ఉంటాది, తెచ్చేదా? అది పోస్తే ఈ శబ్దం ఇట్టే అణిగిపోతాది. ముసలి బండ్లకు అదే పోస్తారు."

"అణిగిపోతాది," అన్నారు గురువుగారు. "పొద్దున్నే స్టార్టు చేస్తే అది పైదాకా ఎక్కే లోపల ఇంజన్ ఎండి అరిగిపోతాది. మూలుగు వినపడకుండా నోరు నొక్కితే జబ్బు పోయినట్టేనా ఖాదర్?"

గురువుగారు పంచె ఎగ్గట్టి, వేడి తగ్గకముందే ఆయిల్ దించెయ్యమన్నారు, వేడిమీదైతే అంతా దిగుతుందని. లోపలికి వెళ్ళి కిరీటాల పెట్టె పక్కన ఎప్పుడూ ఉంచుకునే డబ్బా తెచ్చారు. దానిమీద ట్వంటీ-ఫిఫ్టీ అని ఉంది, సుదర్శనం తెచ్చినదానికంటే చిక్కన. ఆయనే స్వయంగా పోస్తూ, సుదర్శనానికి చెబుతున్నట్టే చెప్పారు గానీ కాస్త గట్టిగానే చెప్పారు. గడపలో నిలబడ్డ వకుళమ్మకు కూడా వినపడింది.

"దీన్ని చేసినవాళ్ళు మన ఎండలకు ఇది పొయ్యమన్నారు. నడిచి నడిచి లోపల సందులు పెరిగినాయి. నీ పల్చటి ఆయిల్ ఆ సందుల్లో నిలబడదు, జారిపోతాది. అది ఆయిల్ తప్పు కాదు, బండి తప్పూ కాదు. కొత్త బండి అనుకుని పోస్తే పాడైపోతాది, చచ్చిన బండి అనుకుని పోసినా పాడైపోతాది. ఇది నడిచే పాత బండి."

పోసి కాసేపు ఆగాక, ఆయిల్ ఎంతుందో చూసే పొడుగాటి కమ్మీ లాగి తువ్వాలుతో తుడిచి, మళ్ళీ దించి తీసి చూశారు. ఆయిల్ గీత మీద ఉంది. ఇంజన్ స్టార్టు చేశారు. దీపం ఆరిపోయింది. టకటక పోయి, మాకు పసితనం నుంచి తెలిసిన ఆ గంభీరమైన పాత గొంతు వినిపించింది. సుదర్శనం కళ్ళు తుడుచుకుని, ఆయన కాళ్ళకు మొక్కి, ముగ్గు మీద పడ్డ మరకలు కడగడానికి బకెట్టు తెచ్చుకున్నాడు. వకుళమ్మ మాత్రం మళ్ళీ ఏమీ అడగలేదు. అడిగినదానికి జవాబు రాలేదని చిన్నబుచ్చుకున్నదేమో అనుకున్నాను.

నంద్యాల పోవాలంటే నల్లమల ఘాటు ఎక్కాలి. సన్మానం రోజు కిరీటాల పెట్టె కారు నెత్తిన, గురువుగారు స్టీరింగు దగ్గర, పక్కన వకుళమ్మ, వెనక మేం ముగ్గురం. ఘాటు మొదట్లోనే ఆయన రెండో గేరుకు దించి, ఇక తొందరపడలేదు. మలుపు తర్వాత మలుపు. వెనక వచ్చే బండ్లకు చెయ్యి ఊపి దారి ఇచ్చారు. మా కళ్ళన్నీ ఆ ఎర్రదీపం మీదే. అది వెలగలేదు. కొండ దాటి నంద్యాల వైపు దిగడం మొదలుపెట్టాక ఖాదర్ వలీ, "ఎక్కిందప్పా మన గుర్రం," అన్నాడు మెల్లగా. నాకు ఛాతీ ఉప్పొంగింది. కారు నాది కాదు, నడిపింది నేను కాదు. అయినా ఉప్పొంగింది.

మధ్యాహ్నం ఆట. హాలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. సాగనంపే ఘట్టం వచ్చింది. హార్మోనిస్టు ఆ ఊరివాడే, వకుళమ్మ అంటే అతనికి దైవభక్తి. ఆమె పేరు నిలబెట్టాలని ఆమె పాత శ్రుతే నొక్కి పట్టుకున్నాడు. వకుళమ్మ పద్యం ఎత్తుకోలేదు. కిరీటంతో సహా తల అతని వైపు తిప్పి, అందరూ చూస్తుండగానే అరచెయ్యి బోర్లించి ఒక్క మెట్టు దించమని సైగ చేసింది. అతను తడబడి దించాడు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. తెరపక్కన సుదర్శనం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె మొదలుపెట్టింది. ఆ ఒక్క మెట్టు కింద ఆమె గొంతుకు చోటు దొరికింది. పూర్వం ఆ పద్యంలో రాగమే వినేవాళ్ళం, ఎక్కడిదాకా పోతుందా అని ఊపిరి బిగబట్టి. ఆ రోజు మాటలు వినపడ్డాయి. పోయి రా నాయనా అని కొడుకును పంపే తల్లి ప్రతి మాటా చివరి వరసదాకా పోయి నిలబడింది. పైస్థాయి వచ్చింది, గొంతు తెగలేదు, జీరపోలేదు. పద్యం ముగిసేసరికి ముందు వరసలోని ఆ పెద్దాయనే లేచి నిలబడ్డాడు.

"వన్స్ మోర్," అన్నాడు.

హాలంతా అందుకుంది. ఈమధ్య పాత శ్రుతిలో ఒకసారి పాడితేనే ఆమె వారంరోజులు మిరియాల కషాయం తాగేది. రెండోసారి అంటే గొంతు అప్పగించడమే. వకుళమ్మ హార్మోనిస్టు వైపు చూసి తల ఊపింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. రెండోసారి మొదటిసారి కంటే బాగుంది. నవ్వించడం తప్ప తెలియని నేను రంగు పూసుకున్న మొహంతోనే ఏడ్చాను. మా రాణి మా రాణే అని ఆ హాలంతా వినపడేలా అరవాలనిపించింది. గురువుగారు మాత్రం తెర అవతల కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. రైల్వే గేటు నుంచి వచ్చిన రోజున కారు గొంతు విన్నది కూడా అలాగే.

మర్నాడు పొద్దున సత్రం ముందు బయలుదేరబోతున్నాం. సన్మానం శాలువా భుజాన ఉండగానే వకుళమ్మ గురువుగారి దగ్గరకు వచ్చి కాళ్ళకు మొక్కింది. లేచి నవ్వుతూ, "అయ్యా, నేనడిగినదానికి మీరు బదులు చెప్పనే లేదు," అంది.

గురువుగారు అప్పటికే బానెట్ ఎత్తి ఉన్నారు. కమ్మీ లాగి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ దించి తీసి, ఆమెకు కనపడేలా ఎండకు ఎత్తి పట్టుకున్నారు.

"చూడు, గీత మీదే ఉంది," అన్నారు. "ఎక్కు తల్లీ. తిరుగు ఘాటు ఉంది."