నక్క కట్టిన సైటు, పుక్కిట పట్టిన నీళ్లు

నల్లగుట్ట అడవిలో ఆ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, బండ మీద తొండ కూడా కాళ్లు మార్చుకుంటూ కూర్చునేది. వాగు ఎండింది, మడుగులు ఎండాయి. చివరికి వాగు ఇసకలో ఒక్క చెలమ మిగిలింది. ఇసక తవ్వితే ఊరే ఆ కాసిన్ని నీళ్లే అడవి మొత్తానికి దిక్కు. మొదటి రెండు రోజులూ అందరూ ఒకేసారి ఎగబడి, తాగినదానికంటే తొక్కిందే ఎక్కువ చేసి, చెలమను బురదగుంట చేసుకున్నారు. దాంతో మృగరాజు కట్టడి పెట్టాడు. చెలమ దగ్గర వేట లేదు. ఎవరి వంతు వాళ్లదే. ముందుగా వంతు తీసుకోనివాడికి నీళ్లు లేవు. చుక్క ఒలకబోసినవాడి వంతు అక్కడికక్కడే రద్దు, మళ్లీ కొత్తగా తీసుకోవాలి.

వంతులు పంచడానికి ఒక సైటు పెట్టుకుందామన్నది కోతుల సలహా. గుట్ట చూడ్డానికొచ్చి మనుషులు పారేసుకున్న ఫోన్లన్నీ ఏరి, బాగుచేసి, ఇంటికొకటి చొప్పున పంచింది వాళ్లే మరి. సైటు కట్టే పని మాత్రం గుంటనక్క భూపతికి దక్కింది. దక్కిందేమిటిలే, రాజుగారి చెవి దగ్గర మూడు రోజులు మకాం వేసి దక్కించుకున్నాడు.

భూపతి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ మనసు తేలిక. కాకపోతే వాడికి తెలిసిన కట్టడం ఒక్కటే, బొరియ. మంచి బొరియకి ఏడు కన్నాలుండాలి, వాటిలో ఆరు ఎటూ పోకూడదు, లోపలికొచ్చినవాడు తిరిగి తిరిగి మొదటికే రావాలి. వాళ్ల తాత అలాగే తవ్వాడు, నాన్నా అలాగే తవ్వాడు. భూపతి సైటు కూడా అచ్చం అలాగే తవ్వి పెట్టాడు.

తెరవగానే నెమలి ఒకటి పురి విప్పి ఆడేది. అది ఆట ఆపేదాకా ఎవరైనా ఆగాల్సిందే. ఆ తర్వాత రాజుగారి బొమ్మ, దాని కింద భూపతి బొమ్మ, రాజుగారిదానికంటే వెంట్రుకవాసి చిన్నది. వంతు తీసుకునే చోటు ఎక్కడో మూల మూడు గీతల వెనక, ‘సేవలు’ దాటి, ‘ఇతరములు’ అన్నదాంట్లో, అడుగున ఉండేది. దానికి వాడు పెట్టిన పేరు ‘జలస్వీకార సమయ నిర్ధారణ’. అదీ బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరాలతో. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. అయినా కాకి పిల్ల కాకికి ముద్దు కదా, భూపతి రోజుకు పదిసార్లు ఆ నెమలిని ఆడించుకుని మురిసిపోయేవాడు.

తన వంతు సంగతంటారా? సైటు కట్టిన రోజే వెనకనుంచి రాసి పెట్టుకున్నాడు, రోజూ మొదటిది. తేటనీళ్లు మొదట తాగేవాడికే కదా. అందుకని తన వంతు కోసం ముందు గుమ్మంలోంచి ఆ సైటులోకి వెళ్లాల్సిన అవసరం వాడికి ఒక్కనాడూ రాలేదు.

వారం తిరక్కుండానే భూపతి బొరియ ముందు వరస మొదలైంది. కుందేళ్లు, దుప్పులు, ముళ్లపంది, అందరూ ఫోన్లు పట్టుకుని బతిమాలుకునేవాళ్లు. భూపతి ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, ఇంత చిన్న విషయం తెలియదా అని నవ్వి, నాలుగు నొక్కులు నొక్కి వంతు ఇప్పించేవాడు. నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం అని వాళ్లంటుంటే వాడి చెవులు నిక్కబొడుచుకునేవి. నిజం చెప్పాలంటే, సైటు కంటే ఆ వరసే వాడికి బాగా నచ్చింది.

వచ్చిన చిక్కల్లా మేక లచ్చువమ్మకి వచ్చింది. ఆమెకి ఆ ఈతలో పుట్టిన రెండు పిల్లలు, ఇంకా చెవులు కూడా సరిగా నిలబడనివి. వంతు దొరక్క అప్పటికే రెండు రోజులు పోయాయి. తల్లికి నీళ్లు లేక పాలు ఇంకిపోయాయి. భూపతిని అడగొచ్చు కదా అని మీరంటారు. రెండు లేత పిల్లల్ని వెంటేసుకుని ఏ మేకైనా నక్క బొరియ గుమ్మం తొక్కుతుందా? చెలమ దగ్గర వేట లేదన్నారు గానీ, బొరియ దగ్గర లేదని ఎవరూ అనలేదు.

ఆమె తిన్నగా ముసలి ఎద్దు కోటయ్య దగ్గరికి వెళ్లింది. ఇరవై ఏళ్లు చేలో ఒకే చాలు వెంట నడిచి, రైతు ట్రాక్టరు కొన్నాక అడవి అంచున స్థిరపడ్డవాడు కోటయ్య. అందరికీ మావయ్యే. లచ్చువమ్మ గొడవంతా చెప్పి, మూడో రోజు కూడా పోతే పిల్లలు దక్కరని ఏడ్చింది. కోటయ్య ఫోను తీసుకుని ముట్టెతో ఇటు నొక్కి, అటు నొక్కి, నాలుగుసార్లు నెమలాట చూశాడు. ఆ తర్వాత చాలాసేపు నెమరు వేశాడు.

“పదమ్మా, దర్బారుకి పోదాం” అన్నాడు.

మధ్యాహ్నం వాలాక చెలమ పక్కన చింతచెట్టు నీడలో మృగరాజు దర్బారు. లచ్చువమ్మ గోడు విని రాజు భూపతి వైపు చూశాడు. భూపతి ఏమాత్రం తొణకలేదు. సైటు దివ్యంగా ఉంది ప్రభూ, ఆడలేక మద్దెల ఓడు అంటే నేనేం చేసేది, మేకల బుర్ర సంగతి తమకు తెలియంది కాదు అన్నాడు. మేకపోతులకి కోపమొచ్చి కొమ్ములు దించాయి.

కోటయ్య మాత్రం తల ఊపాడు. భూపతి అన్నది నిజమే అయ్యుంటుందట. అంత తెలివైనవాడు కట్టిన సైటులో తప్పెందుకుంటుందట. కాకపోతే నలుగురి ముందూ తేలిపోతే మళ్లీ ఎవరూ నోరెత్తరు కదా అన్నాడు.

“ఇదిగో, లచ్చువమ్మ ఇక్కడే, ఇప్పుడే వంతు తీసుకుంటుంది. భూపతి పక్కనే కూర్చుని చూస్తాడు. సాయం మాత్రం చెయ్యకూడదు. తీసుకోగలిగితే సైటు మంచిదే.”

“అలాగే తీసుకోమను మావయ్యా, నేను నోరు విప్పితే ఒట్టు” అన్నాడు భూపతి.

“నీ నోరు నాకు తెలుసు అల్లుడూ. ఒట్టు ఒద్దు, ఒక పుక్కెడు నీళ్లు పట్టు. లచ్చువమ్మకి వంతు దొరికేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. అయిపోయాక ఈ మోదుగాకు దొప్పలో పోసి చూపించు.”

అందరూ నవ్వారు. రాజుకీ ముచ్చటేసింది. గెలిస్తే భూపతికి ఆస్థాన మేధావి అని బిరుదిస్తానన్నాడు. ఆ రెండు ముక్కలూ చెవిన పడగానే భూపతికి ఇంకేం వినపడలేదు. చెలమలో మూతి పెట్టి, బుగ్గలు ఉబ్బేలా నీళ్లు పట్టి, దర్జాగా వచ్చి కూర్చున్నాడు. ఎంతసేపు, చిటికెలో పని అనుకున్నాడు. పొద్దు గుట్ట చాటుకి దిగితే ఆ రోజుకి వంతులు బందు. అప్పటికి పొద్దు ఇంకా బారెడుంది.

లచ్చువమ్మ సైటు తెరిచింది. నెమలి ఆడింది. ఆట అయ్యాక రాజుగారి బొమ్మ వచ్చింది. ఆమె భక్తిగా దానికి దణ్ణం పెట్టి, దాన్నే నొక్కింది. రాజుగారి వంశచరిత్ర తెరుచుకుంది. ముత్తాతగారి జూలు దాకా చదివి, నీళ్ల మాట ఎక్కడా లేకపోతే వెనక్కొచ్చింది. మళ్లీ నెమలి.

భూపతి కళ్లు పెద్దవి చేశాడు. దాన్నెవరు నొక్కమన్నారు? దాన్ని ఎవరైనా నొక్కుతారని వాడికి కలలో కూడా తట్టలేదు.

ఈసారి ‘నేను మనిషిని కాను’ అని ఒక గడి వచ్చింది. లచ్చువమ్మ తన గడ్డం చూసుకుంది, కొమ్ములు చూసుకుంది, ఇందులో వీళ్లకి అనుమానమెందుకు వచ్చిందని చిన్నబుచ్చుకుంది. గడి నొక్కాక ఒక పేజీలో పక్షుల గూళ్ల బొమ్మలు, ఇంకో పేజీలో భూపతి చిన్నప్పటి బొమ్మలు వచ్చాయి. ఇంకో కన్నంలో దూరితే ‘ఈ పుట త్వరలో’ అని ఉంది. ఎటు పోయినా తిరిగి తిరిగి నెమలి దగ్గరికే. బొరియ భేషుగ్గా పనిచేస్తోంది.

పొద్దు మూరెడు దిగింది. నవ్వేవాళ్లు నవ్వడం మానేశారు. భూపతికి దవడలు లాగుతున్నాయి, ముక్కుతో బుస కొడుతున్నాడు. ఇంత మొద్దుదేమిటి అని మొదట ఒళ్లు మండింది. అంతలో చిన్న మేకపిల్ల తూలుకుంటూ వచ్చి, వాడు నీళ్లు పట్టుకున్నప్పుడు తడిసిన ఇసకను నాకడం మొదలుపెట్టింది. ఇసకలో ఏముంటుంది పాపం? అయినా నాకుతూనే ఉంది. అది చూశాక భూపతికి దాన్నించి కళ్లు తిప్పుకుందామన్నా చాతకాలేదు.

లచ్చువమ్మకి ఆఖరికి ఎలాగో మూల ఉన్న మూడు గీతలు తగిలాయి. ‘సేవలు’ తగిలింది. ‘ఇతరములు’ తగిలింది. అడుగుదాకా జరిపింది. బూడిదరంగు అక్షరాల మీదికి సరిగ్గా మూతి తెచ్చింది. భూపతి ఊపిరి బిగబట్టాడు. ఆమె వాసన చూసింది, చదవబోయింది, నోరు తిరగలేదు. ఇదేదో కచేరీ కాగితాల గొడవ, మనది కాదులే అనుకుని, వెనక్కి నొక్కింది.

మళ్లీ నెమలి పురి విప్పింది. గుట్ట మీద జానెడు పొద్దు మిగిలింది.

“అదేనే తల్లీ, అదే!” అని భూపతి గొంతు పగిలేలా అరిచాడు. పుక్కిట నీళ్లన్నీ వెళ్లి మృగరాజు జూలు మీద పడ్డాయి. “ఆ మూల మూడు గీతలు నొక్కు! ఇతరములు నొక్కు! అడుగుకి జరుపు! బూడిదరంగుది నొక్కు, నీళ్లంటే అదే లచ్చువమ్మా!”

లచ్చువమ్మ వాడు చెప్పినవి చెప్పినట్టు నొక్కింది. మీ వంతు ఖరారైంది అని ఫోను పలికింది. ఆమె ఇంకెవరినీ చూడలేదు, పిల్లల్ని మూతితో తోసుకుంటూ చెలమలోకి దిగింది.

మృగరాజు జూలు విదిలించుకున్నాడు. భూపతి తోక కాళ్ల మధ్యకి పోయింది. కోటయ్య మెల్లిగా వాడి పక్కన చేరాడు.

“నీ నోట్లోంచి రెండు పడ్డాయి అల్లుడూ. నీళ్లు పోతే పోయాయిలే. ఆ రెండో దాన్ని సైటులో రాయకుండా ఇన్నాళ్లు నోట్లోనే ఎందుకు పట్టుకున్నావు?”

బిరుదు పోయిందని రాజు వేరే చెప్పక్కర్లేదు. కట్టడి మాత్రం గుర్తు చేశాడు. నీళ్లు ఒలకబోశావు, నీ వంతు రద్దు, అందరిలాగే కొత్తగా తీసుకో అన్నాడు. వెనకనుంచి రాసుకోవడం ఇక కుదరదనీ అన్నాడు. ఆ సంగతి రాజుకి ముందే తెలుసన్నమాట.

భూపతి ఫోను తీశాడు. పొద్దు బెత్తెడుంది. నెమలి ఆడటం మొదలుపెట్టింది. ఇంతసేపు ఆడుతుందా ఇది అని వాడు జీవితంలో మొదటిసారి విసుక్కున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది, చుట్టూ అడవంతా చూస్తోంది, పాదం జారి రాజుగారి బొమ్మ మీద పడింది. ముత్తాతగారి జూలు ప్రత్యక్షమైంది. కంగారుగా వెనక్కి నొక్కాడు, గూళ్ల బొమ్మలొచ్చాయి. ఇంకోటి నొక్కాడు, ‘ఈ పుట త్వరలో’ అంది. అది తనే రాసిన మాట.

అప్పటికి లచ్చువమ్మ గడ్డం నుంచి నీళ్లు కారుతుండగా చెలమలోంచి ఎక్కి వచ్చింది. భూపతి భుజం మీదుగా ఫోనులోకి తొంగి చూసింది.

“ఆ మూల మూడు గీతలు నొక్కు అన్నయ్యా” అంది నెమ్మదిగా. “ఇతరములు నొక్కు. అడుగుకి జరుపు. బూడిదరంగుది, నీళ్లంటే అదే.”

భూపతి తలెత్తకుండా ఆమె చెప్పినట్టే నొక్కాడు. అందరికంటే ఆఖరున, అడుగున మిగిలిన బురదనీళ్లు తాగాడు. తాగి, అక్కడే ఇసకలో కూర్చుని, ముందు నెమలిని పీకేశాడు.

మర్నాటికి సైటు తెరిస్తే ఒకటే ఉంది, ముళ్లపంది కళ్లజోడు లేకుండా చదవగలిగినంత పెద్దగా: ‘నీళ్లు కావాలి’. బొరియ ముందు వరస మాయమైంది. నాలుగు రోజులు భూపతికి పొద్దుపోలేదు గానీ, తర్వాత అలవాటైంది. ఇప్పటికీ ఆ అడవిలో ఎవరు ఏ కొత్తది కట్టినా, దాన్ని ఎన్నడూ చూడనివాణ్ని ఒకణ్ని కూర్చోబెడతారు, కట్టినవాడి చేత పక్కన పుక్కిట నీళ్లు పట్టిస్తారు.

పక్కన నిలబడి దారి చెప్పాల్సి వస్తోందంటే, నువ్వు వేసింది ఇంకా దారి కాలేదు.