ఓబులేసు సెలవు

యుద్ధంలో కొడుకు పోయిన ఇంటికి వెట్టి ఉండకూడదని ఆ రాజ్యంలో చట్టం. అయినా సుంకులమ్మ అరవై ఏళ్ల వయసులో కోటలో వెట్టికి రాగులు విసురుతూనే ఉంది. ఆమె కొడుకు ఓబులేసు యుద్ధంలో పోయాడని తోటి సిపాయిలు వచ్చి చెప్పి రెండేళ్లయింది. దస్తరంలోని సిపాయిల జాబితాలో మాత్రం వాడు బతికే ఉన్నాడు.

"జాబితా మీద రాజముద్ర పడింది. ముద్ర పడ్డాక ఎవడూ చావడానికి వీల్లేదు," అన్నాడు దస్తరం అధికారి వెంకోబరావు, కొడుకు పేరు కొట్టేయమని వచ్చిన ఆమెతో.

సుంకులమ్మ చేతులు జోడించింది.

"అయితే సామీ, మూడేళ్లు కొలువు చేసిన సిపాయికి పది రోజులు సెలవిస్తారంట గదా. మావోడికి నాలుగేళ్లు నిండినాయి. ఇప్పియ్యండి."

జాబితా తప్పని ఒప్పుకోలేక వెంకోబరావు సెలవు రాసి ముద్ర కొట్టాడు.

పదకొండో రోజు ఆమె మళ్లీ వచ్చింది. "వాడు ఇంటికి రాలేదు సామీ. దండులోనూ లేడు. పారిపోయినట్టే గదా?"

సెలవు మీద పోయిన సిపాయి పారిపోతే, ఆ సెలవు రాసినవాడికి చెరసాల. వెంకోబరావు గబగబా జాబితా తెప్పించి ఓబులేసు పేరు కొట్టేశాడు. పక్కన 'యుద్ధంలో మృతుడు' అని రాసి, వెట్టి మాఫీ కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"గట్టిదానివే! వాడు రాడని తెలిసే అడిగావు గదా?"

"తెలుసు సామీ." ఆమె కాగితాన్ని కొంగున ముడేసుకుంది. "అయినా మీరు ముద్ర వేసి ఇచ్చినారు గదా అని, పది రోజులూ వాడికి సంగటి ముద్ద తీసిపెట్టినా."